గ్రామమునకు అధికారము కోరిన బల్వంతరాయ్ మెహతా

తెలుగునాట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అను పేరు ఎరుగనివారు లేరు. అందు చదివి పెద్దవారైనవారు లక్షలకొలదిగా కలరు. ఉపాధ్యాయులకు ఆ పేరు జీతపు పట్టికమీదిది. విద్యార్థులకు నోటుపుస్తకపు అట్టమీదిది. ఆంధ్ర ప్రాంతమున ఇంగ్లీషువారి కాలమునుండి ఉండిన జిల్లా బోర్డు పోయి దాని స్థానమున పరిషత్తు ఎందుకు వచ్చినది, పల్లెలోని చిన్నబడి సమితి చేతికి ఎట్లు పోయినది అని విచారించువారు మాత్రము అరుదు. ఆ విచారణకు పూనుకొన్నవారు తుదకు గుజరాతు సముద్రతీరమందలి భావనగరమునకు, అచట పుట్టిన బల్వంతరాయ్ గోపాల్జీ మెహతా జీవితమునకు చేరుకొందురు. పరీక్షలకు చదువువారు ఆయన పేరును మెహతా కమిటీ, 1957, మూడంచెల వ్యవస్థ అని కంఠస్థము చేసి విడిచిపెట్టుదురు. ఆ మూడంచెల వెనుక ముప్పది యేండ్లకు పైబడిన ప్రజాజీవితము కలదు.

మెహతా 1900 సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన భావనగరమున ఒక మధ్యతరగతి కుటుంబమున జన్మించెను. ఆనాడు కాఠియావాడ ద్వీపకల్పమున రెండువందలకు పైబడిన సంస్థానములుండెను. కొన్ని పెద్దవి, కొన్ని నాలుగు ఊళ్ళకు మించనివి. ప్రతి సంస్థానమునకు ఒక ప్రభువు, ఆ ప్రభువునకొక దర్బారు, ఆ దర్బారు దయమీద ఆధారపడిన ప్రజలు. వీనిలో భావనగరము మంచి పేరు గలది. గాంధీజీ ఇంగ్లండు వెళ్ళుటకు పూర్వము కొలదికాలము చదివిన సామల్దాస్ కళాశాల అచటిదే. ప్రభాశంకర పట్టణీ వంటి సమర్థుడు చిరకాలము దివానుగా నుండి పరిపాలనను చక్కదిద్దెను. రేవునకు, రైలుకు, చదువునకు ఆ సంస్థానమున లోటుండలేదు.

మెహతాను అర్థము చేసికొనుటకు ఈ సంగతి ముఖ్యము. దుష్టుడైన ప్రభువుపై తిరుగబడుట ఒకరీతిగా సులభము. మంచి ప్రభువును అధికారములో వాటా అడుగుటయే కష్టము. చెరువు త్రవ్వించెను, బడి కట్టించెను, ఇంకేమి కావలెనని ఊరిపెద్దలే ఎదురు ప్రశ్న వేయుదురు. ఆ చెరువు ఎక్కడ త్రవ్వవలెనో నిర్ణయించు హక్కు మాకు కావలెనని బదులు చెప్పుటకు ధైర్యమొక్కటియే చాలదు, ఆలోచన తేటపడియుండవలెను. భావనగరపు యువకునికి ఆ తేటదనము చిన్ననాటనే అబ్బినది.

1920లో సహాయనిరాకరణోద్యమము వచ్చెను. మెహతా బి.ఏ. వరకు చదివియు పరాయి ప్రభుత్వమిచ్చు పట్టము నాకక్కరలేదని దానిని స్వీకరింపకుండెను. మరుసటి యేడు, అనగా 1921లో, భావనగర ప్రజామండలిని స్థాపించెను. బ్రిటిషు ఇండియాలో కాంగ్రెసు ఉద్యమము నడుపుచుండెను గాని సంస్థానముల లోపలి వ్యవహారములలో అది చిరకాలము నేరుగా చేయి పెట్టలేదు. అచటి ప్రజలు తమ సంఘములను తామే కట్టుకొనవలసి వచ్చినది. అట్టి సంఘములనన్నిటిని ఒక త్రాటిమీదికి తెచ్చుటకై 1927 డిసెంబరులో బొంబాయియందు అఖిల భారత సంస్థాన ప్రజాపరిషత్తు సమావేశమైనది. ఆ తొలి సమావేశమునకు అధ్యక్షత వహించినది మన ఏలూరు వాస్తవ్యుడు దివాన్ బహద్దూర్ మోచర్ల రామచంద్రరావు. తరువాతి కాలమున భోగరాజు పట్టాభిసీతారామయ్య కూడ ఆ పరిషత్తునకు అధ్యక్షుడయ్యెను. అధ్యక్షులు మారుచుండగా సంవత్సరముల తరబడి కార్యదర్శిత్వపు బరువు మోసినవారిలో మెహతా ముఖ్యుడు. వేదికమీది ఉపన్యాసము పత్రికలలో పడును. ఉత్తరములు వ్రాయుట, లెక్కలు చూచుట, జైలుకు పోయినవారి కుటుంబములను కనిపెట్టుట ఎవరి కంటను పడవు. మెహతా ఈ రెండవ తరగతి పనిలో ఆరితేరినవాడు.

బార్డోలీ సత్యాగ్రహమునను, 1930-32 నాటి శాసనోల్లంఘనమునను ఆయన పాల్గొనెను. 1942 క్విట్ ఇండియా ఉద్యమమున మూడేండ్ల శిక్ష పడెను. అంతయు కలిపిన ఏడు సంవత్సరములు కారాగారమున గడచినవి. లాలా లజపతిరాయి నెలకొల్పిన లోకసేవక మండలి సభ్యుడుగా స్వల్పమైన భృతితో జీవించుటకు అలవాటుపడిన వానికి జైలు క్రొత్త కష్టములనేమియు చూపియుండదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట భావనగర మహారాజు కృష్ణకుమారసింహుడు అందరికంటె ముందుగా అధికారమును ప్రజలకు అప్పగించుటకు సమ్మతించెను. 1948 జనవరి 15న సర్దారు పటేలు సమక్షమున భావనగరమందు బాధ్యతాయుత ప్రభుత్వము ఏర్పడినది. దానికి మెహతా నాయకుడయ్యెను. ఇరువది యేడేండ్ల క్రిందట ప్రజామండలి అడిగిన కోరిక అది. అయితే నెల తిరుగకమునుపే కాఠియావాడ సంస్థానములన్నియు సౌరాష్ట్ర రాష్ట్రముగా ఏకమైనవి. ఢేబరు ముఖ్యమంత్రి కాగా మెహతా ఆయనకు తోడుగా ఉపముఖ్యుడై పనిచేసెను. రాజ్యాంగసభలోను సౌరాష్ట్ర ప్రతినిధులలో ఒకడుగా కూర్చుండెను.

ఆ సభలోనే గ్రామమును గూర్చి పెద్ద వాదము చెలరేగినది. రాజ్యాంగపు చిత్తులో పంచాయతీల ప్రస్తావనయే లేదని గాంధేయవాదులు నొచ్చుకొనిరి. 1948 నవంబరు 4న డాక్టరు అంబేద్కరు దానికి దీటుగా బదులు చెప్పెను. ఆయన దృష్టిలో గ్రామము సంకుచితత్వమునకు, అజ్ఞానమునకు, కులద్వేషమునకు నిలయము. అట్టి దానిని రాజ్యాంగమునకు పునాది చేయకుండుటయే మేలు. ఊరి బావిలో నీరు ముట్టనీయని పెద్దల చేతికి అధికారమిచ్చుట ఎంత ప్రమాదమో అనుభవించిన జాతి తరపున వెలువడిన వాదమది. దానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. తుదకు నవంబరు 22న సంతానము ప్రతిపాదించిన సవరణ అంగీకరింపబడి, ఈనాటి 40వ అధికరణము అయినది. పంచాయతీలను ఏర్పరచి వానికి స్వపరిపాలనాధికారములు ఈయవలెనని అది రాజ్యమునకు చెప్పును. కాని ఆదేశిక సూత్రములలో చేరుటచేత ఆ మాటను న్యాయస్థానమున అడుగు వీలు లేకపోయినది. గౌరవము దక్కినది, అధికారము దక్కలేదు.

పిమ్మట మెహతా ఢిల్లీ చేరెను. నెహ్రూ కాంగ్రెసు అధ్యక్షుడుగా నున్నప్పుడు ఆయన ప్రధాన కార్యదర్శి. 1952లోను, 1957లోను గోహిల్వాడ నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ప్రభుత్వపు ఖర్చులను పరిశీలించు అంచనాల సంఘమునకు మొదట చిత్తూరు సీమకు చెందిన అనంతశయనము అయ్యంగారు అధ్యక్షులై యుండగా, వారి తరువాత ఆ బాధ్యత మెహతాకు వచ్చినది. ఏ పథకమునకు ఎంత వ్యయమైనది, ఆ వ్యయమునకు తగిన ఫలము దక్కినదా అని తరచి చూచుట ఆ సంఘము పని. లెక్కలు చూచుటలో కార్యదర్శిగా గడించిన ఓపిక ఇచట అక్కరకు వచ్చినది.

దేశమున అప్పుడు అందరి నోటను నానుచున్నది సమాజ వికాస పథకము. 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, 55 ప్రాంతములలో అది ప్రారంభమైనది. సుమారు నూరు గ్రామములకు ఒక బ్లాకు, దానికొక అభివృద్ధి అధికారి, కొన్ని గ్రామములకొక గ్రామసేవకుడు. మంచి విత్తనము, ఎరువు, బావి, బాట, బడి, ఆరోగ్యము అన్నియు దానిలోనివే. ఉద్దేశము గొప్పది. పనిచేసినవారిలో ఉత్సాహవంతులు పెక్కురు. అయినను నాలుగైదు సంవత్సరములు గడచునప్పటికి ఒక వింత కనబడినది. అధికారి ఉన్నంతవరకు పని సాగును. ఆయన బదిలీయైన మరునాడు ఆగును. శ్రమదానముతో వేసిన బాటకు రెండవ వానకాలమున గండ్లు పడిన పూడ్చువాడు లేడు. అది సర్కారు బాట, సర్కారే చూచుకొనునని ఊరివారి మాట. ప్రజలు సహకరించుటలేదని అధికారులు నివేదికలు వ్రాయుచుండిరి.

ఇది పరిశీలించుటకై 1957 జనవరిలో ప్రభుత్వము ఒక అధ్యయన బృందమును నియమించి మెహతాను దానికి నాయకునిగా చేసెను. బృందము రాష్ట్రములు తిరిగి, పల్లెలు చూచి, అదే సంవత్సరము నవంబరు 24న నివేదిక సమర్పించినది. పదునొకండు మాసములలో ముగిసిన పని! కమిటీలు ఏండ్లకొలది సాగు దేశమున ఈ వేగమే ఒక విశేషము.

నివేదిక సారము చెప్పుట సులభము, ఆచరించుట కష్టము. ప్రజలు ముందుకు రాకపోవుటకు కారణము వారి సోమరితనము కాదని బృందము కనుగొన్నది. బ్లాకులందు సలహా సంఘములుండెను గాని వానిలోనివారు ప్రభుత్వము నియమించినవారు. వారి సలహాను అధికారి వినవచ్చును, వినకపోవచ్చును. తన మాటకు విలువలేని చోట మనిషి ఎంతకాలము కూర్చుండును? భావనగర దర్బారులో చూచిన దృశ్యమే మెహతాకు బ్లాకు కచేరిలో మరల కనబడియుండును: మంచివాడైన ప్రభువు, మంచి పనులు, మాట చెల్లని ప్రజ. దివాను స్థానమున అభివృద్ధి అధికారి వచ్చెను, అంతియే భేదము.

కనుక ప్రభుత్వము అభివృద్ధి పనులలో కొన్నిటిని పూర్తిగా వదలుకొనవలెనని నివేదిక సూచించినది. ఇక్కడ మెహతా ఒక సూక్ష్మమైన విభేదమును చూపెను. పై అధికారి తన పనిని క్రిందివానికి అప్పగించి, ఇష్టము లేనప్పుడు తిరిగి తీసికొనుట ఒకటి. ఆ పనిని, దాని బాధ్యతను, దానికి కావలసిన ధనమును చట్టముచేత శాశ్వతముగా బదలాయించుట వేరొకటి. మొదటిది కచేరీ సౌకర్యము. రెండవదియే ప్రజాస్వామ్య వికేంద్రీకరణము. పంచాయతీలు ఫలించుట, ఫలింపకపోవుట ఈ భేదము మీద నిలిచియున్నదని ఆయన నిశ్చయము.

దానికై మూడంచెలను సూచించెను. అడుగున ప్రజలు నేరుగా ఎన్నుకొను గ్రామపంచాయతీ. నడుమ బ్లాకు మేరకు పంచాయతీ సమితి. పైన జిల్లా పరిషత్తు. అధికారపు బరువంతయు నడిమి మెట్టు మీద ఉంచుట గమనింపదగినది. గ్రామము తన ఖర్చు తాను భరింపలేనంత చిన్నది. జిల్లా రైతు నడచిపోలేనంత దూరము. ఈ రెంటి నడుమ నూరు గ్రామముల సమితి అన్నివిధముల తగినదని ఆయన ఎంచెను. వ్యవసాయము, పశువులు, గ్రామపరిశ్రమలు, ఆరోగ్యము, ప్రాథమిక పాఠశాలలు దాని క్రిందికి రావలెను. చేతిలో కాసు లేని సభ వట్టి రచ్చబండయగును గనుక భూమిశిస్తులో చట్టబద్ధమైన వాటా సమితికి ఈయవలెను. పంచాయతీకి ఇంటిపన్ను, సంతలమీద, బండ్లమీద పన్ను, నీటి రుసుము మొదలగునవి ఉండవలెను. అధికారమిచ్చి ధనమీయక, ధనమిచ్చి అధికారమీయక, సగము పని చేయరాదని ఆ నివేదికలో అడుగడుగున వినవచ్చు హెచ్చరిక.

నివేదికలో లోపములు లేకపోలేదు. సమితికి ప్రత్యక్షపు ఎన్నిక లేదు. పంచాయతీల వారే దానిని ఎన్నుకొందురు. దీనివలన ఊరిలో పొలము, బలగము గలవారికే సమితి తలుపులు తెరచుకొనినవి. అంబేద్కరు భయపడినదియు దీనినే. స్త్రీలకు ఇద్దరికి, షెడ్యూల్డు కులమునకు, తెగకు ఒక్కొక్కరికి సభలోనికి చేర్చుకొను పద్ధతిన చోటు చూపెను గాని, చేర్చుకొనబడినవానికి ఎన్నికైనవాని గొంతు రాదు. జిల్లా పరిషత్తునకు కలెక్టరు అధ్యక్షుడుగా ఉండవలెననుట మరియొక వింత. క్రింద ప్రజలకు పగ్గములిచ్చి పైన కలెక్టరును కూర్చుండబెట్టుటలో దర్బారు వాసన కొంత మిగిలినదనవలెను. పన్ను బకాయి పడినవారికి పంచాయతీ ఎన్నికలలో ఓటు ఉండరాదన్న సూచనయు పేదవాని పాలిటికి కఠినమే.

1958 జనవరిలో జాతీయాభివృద్ధి మండలి ఈ సూచనలను ఆమోదించి, ఏ రూపమున అమలు చేయవలెనో రాష్ట్రములకే విడిచినది. ఆంధ్రప్రదేశము ఆ యేడే ఇరువది బ్లాకులలో తాత్కాలికముగా సమితులను ఏర్పరచి పరీక్షించి చూచినది. 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరునందు నెహ్రూ పంచాయతీ రాజ్యమును ప్రారంభించెను. అదే సంవత్సరము నవంబరు 1న, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, మన రాష్ట్రమందు సమితుల, పరిషత్తుల చట్టము అమలులోనికి వచ్చినది. మనవారు మెహతా మాటను ఒకచోట దిద్దిరి. పరిషత్తు అధ్యక్షస్థానమును ఎన్నికైన ప్రతినిధికి ఇచ్చి, కలెక్టరును స్థాయీసంఘములకు అధ్యక్షునిగా ఉంచిరి. ఉన్నత పాఠశాలలు పరిషత్తునకు, ప్రాథమిక పాఠశాలలు సమితికి వచ్చినవి. మాటవినని బడిపంతులును సమితి అధ్యక్షుడు దూరపు పల్లెకు బదిలీ చేయించుట, బదిలీ తప్పించుకొనుటకు పంతులు ఎన్నికలలో తిరుగుట ఆ కాలపు ఉపాధ్యాయులు పెక్కుమంది చవిచూచిన కష్టము. అది నిజమే. బడి లేని ఊరివారు తమ సర్పంచు ద్వారా సమితిలో అడిగి బడి తెచ్చుకొనుట కూడ అంతే నిజము. దగ్గరనున్న అధికారము మేలును కీడును రెంటిని దగ్గరగనే చేయును.

మెహతాకు తన మాటను తానే పరీక్షించుకొను అవకాశము కూడ వచ్చినది. గుజరాతు 1961లో పంచాయతీ చట్టము చేసి, 1963 ఏప్రిలు 1న అమలు చేసినది. ఆ సంవత్సరమే జీవరాజ మెహతా తరువాత బల్వంతరాయ్ ముఖ్యమంత్రియయ్యెను. గుజరాతు చట్టము ఆయన నివేదికను అట్లే అనుసరింపలేదు. జిల్లా పంచాయతీకి ఎక్కువ బలమిచ్చి, కలెక్టరును వెలుపల ఉంచి, ప్రత్యేకముగా జిల్లా అభివృద్ధి అధికారిని నియమించినది. తాను వ్రాసినదానిని మార్చి ముందుకు సాగిన ఆ చట్టమునే ఆయన ముఖ్యమంత్రిగా నడపెను.

ఆయనకు కాలము చాలలేదు. 1965లో పాకిస్తానుతో యుద్ధము జరుగుచుండగా సెప్టెంబరు 19న కచ్ఛు సరిహద్దు ప్రాంతమును చూచుటకై ఆయన మిథాపురమునుండి చిన్న విమానమున బయలుదేరెను. వెంట భార్య సరోజ్, సిబ్బంది, ఒక పత్రికా విలేఖరి కలరు. పాకిస్తాను యుద్ధవిమానమొకటి దానిని కూల్చివేసెను. సుథరీ గ్రామము చెంత ఎనిమిదిమందియు మరణించిరి. మరి నాలుగు దినములకు యుద్ధము ఆగినది. నలుబది యారేండ్ల పిమ్మట, 2011లో, ఆ కాల్పులు జరిపిన పాకిస్తాను వైమానికుడు మృతుడైన భారత వైమానికుని కుమార్తెకు విచారము తెలుపుచు ఉత్తరము వ్రాసెను. ఆమె దానిని శాంతముగా స్వీకరించెను.

మెహతా మరణించునాటికే సమితుల వన్నె తగ్గుచుండెను. అటుపై పెక్కు రాష్ట్రములు ఎన్నికలను ఏండ్లకొలది వాయిదా వేసినవి. శాసనసభ్యునకు సమితి అధ్యక్షుడు పోటీదారుగా కనబడెను. నిధులు శాఖలవారీగా రాజధానినుండియే రాసాగినవి. 1977లో నియమింపబడిన అశోక్ మెహతా సంఘము ఈ పతనమును పరిశీలించి మండల పంచాయతీలను సూచించినది. 1986 చట్టముతో మన రాష్ట్రమున సమితులు పోయి మండలములు వచ్చినవి. తుదకు 1993 ఏప్రిలు 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చి పంచాయతీలకు రాజ్యాంగమున స్థిరమైన స్థానము లభించినది. అయిదేండ్లకొకసారి ఎన్నిక తప్పనిసరి. స్త్రీలకు మూడవవంతునకు తగ్గకుండ స్థానములు, షెడ్యూల్డు కులములకు, తెగలకు జనసంఖ్యననుసరించి స్థానములు తప్పనిసరి. చేర్చుకొనబడు ఇద్దరు స్త్రీల స్థానమున ఎన్నికైన లక్షలాది స్త్రీలు వచ్చిరి. వారి రాకవలన పనుల తీరే మారినది. పశ్చిమబెంగాలు, రాజస్థానములలోని పంచాయతీలను పరిశీలించి 2004లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన, స్త్రీలు అధ్యక్షులైన చోట్ల త్రాగునీటి పనులు ఎక్కువ జరిగినవని చూపినది. అంబేద్కరు ఆక్షేపణకు ఇది ఆలస్యముగా దొరికిన సమాధానములో కొంత భాగము.

ఆ సవరణలోనే 243-జి అధికరణము కలదు. పంచాయతీలకు ఏ అధికారములీయవలెను అను విషయము దానిది. పదునొకండవ షెడ్యూలులో వ్యవసాయము మొదలు ప్రాథమిక, మాధ్యమిక విద్యవరకు 29 అంశములను పేర్కొనెను. అయితే ఎన్నికల విషయమున జరుపవలెను అని శాసించిన రాజ్యాంగము, అధికారముల విషయమున శాసనసభ ఈయవచ్చును అని మాత్రమే పలికినది. మెహతా 1957లో మొట్టమొదట కోరిన షరతు ఆ ఒక్క క్రియాపదముతో రాష్ట్రముల ఇష్టమునకు వదలబడినది. కేరళము 1996లో తన ప్రణాళికా నిధులలో నూటికి 35 మొదలు 40 వంతులవరకు స్థానిక సంస్థలకు కేటాయించి, ఈయవచ్చును అను మాటను ఇచ్చితిమి అని చదువుకొన్నది. తక్కిన రాష్ట్రములు పెక్కు దానిని తమకు తోచినట్లు చదువుకొనినవి.